తాతగారి చాప తిప్పిన అమ్మాయి

గురువారంలోగా చేయాల్సిన పనులు అంటూ యాతి ఒక పసుపుపచ్చ కాగితం మీద రాసుకుంది:

నిశ్శబ్ద గది తివాచీ ఉతికించాలి.
కొవ్వొత్తులు తీసేసి బ్యాటరీ దీపాలు పెట్టాలి. (అగ్నిమాపక అధికారి మళ్లీ వచ్చి వెళ్లాడు.)
నాలుగో అంతస్తు యూదు పెద్దాయనకు పెద్దక్షరాల ప్రార్థన పుస్తకం తెప్పించాలి.
వినాయకుడి బొమ్మ ఎవరు పట్టుకెళ్లారో కనుక్కోవాలి.
చెప్పుల అర చేయడానికి వడ్రంగిని పిలిపించాలి.
పడమటి తాతగారికి క్షమాపణ చెప్పాలి.

ఆఖరి పని కింద రెండు గీతలు గీసింది. మంగళవారం మధ్యాహ్నానికి మొదటి ఐదూ ఒక కొలిక్కి వచ్చాయి. వినాయకుడు గుండె వార్డులో ఒకావిడ మంచం పక్కన బల్ల మీద దొరికాడు. ఇంటికెళ్లే రోజు తిరిగిచ్చేస్తానని ఆవిడ మాటిచ్చింది. మిగిలింది ఆరోది. దాని గురించి తలచుకుంటేనే యాతికి చెవులు వేడెక్కుతున్నాయి.

యాతి పూర్తి పేరు సూర్యాతి. రోటర్‌డామ్‌లో, నదికి దక్షిణపు ఒడ్డున ఉన్న ఆ పెద్దాసుపత్రిలో చేరి మూడు నెలలైంది. నాన్న ట్రామ్ నడుపుతాడు, అమ్మ లాండ్రీలో పనిచేస్తుంది. డిగ్రీ పట్టా చేతికి తీసుకున్న మొదటి మనిషి ఆ ఇంట్లో యాతే. ఆ పట్టాకు అమ్మ అద్దం కట్టించి టీవీ పైన వేలాడదీసింది.

ఆసుపత్రిలో నిశ్శబ్ద గది ఆమె బాధ్యత. ఒకే గది, అందరిదీ. పొద్దున్నే కేప్ వెర్డీ నుంచి వచ్చిన ఇల్డా గది తుడిచి, తుడుపుకట్టె గోడకు ఆనించి, జపమాల తిప్పుకుంటుంది. మధ్యాహ్నం పిల్లల వార్డులో కొడుకున్న తుర్కీ తండ్రి వచ్చి నమాజు చేస్తాడు. సాయంత్రం సురినామ్ హిందూ నర్సు రెండు నిమిషాలు కళ్లు మూసుకుని వెళ్తుంది. నేల మీద మక్కా ఎటో చూపించే చిన్న ఇత్తడి బాణం ఉంటుంది.

తప్పు జరిగింది ఆ బాణం దగ్గరే, సోమవారం.

యాతి వాళ్ల ముత్తాతలు జావా ద్వీపం నుంచి ఓడలో దక్షిణ అమెరికాలోని సురినామ్‌కు కూలీలుగా వెళ్లినవాళ్లు. జావాలో మక్కా పడమర వైపు ఉండేది, పడమరకు తిరిగి నమాజు చేసేవాళ్లు. సముద్రాలు దాటి సురినామ్‌లో దిగాక కూడా అలవాటు కొద్దీ పడమరకే తిరిగారు. కొన్నాళ్లకు ఎవరో లెక్కవేసి, ఇక్కడినుంచి మక్కా తూర్పున ఉంది గదయ్యా అన్నారు. కొందరు తిరిగారు, కొందరు తిరగలేదు. అంతే, అన్నదమ్ములు కూడా రెండుగా చీలిపోయారు. తూర్పోళ్లు, పడమటోళ్లు. తర్వాత ఆ పిల్లలంతా హాలెండ్ చేరారు. ఇక్కడ మక్కా ఆగ్నేయాన ఉంది. అయినా పేర్లు పోలేదు, పంతాలూ పోలేదు.

యాతి వాళ్లు తూర్పోళ్లు. ఎవరింటికైనా వెళ్లినప్పుడు నమాజు చాప పడమరకు పరిచి కనిపిస్తే, వాళ్లమ్మ నోరు మెదపకుండా దాన్ని తిప్పేసి వస్తుంది. చిన్నప్పటినుంచీ చూసిన పని. సోమవారం గదిలో ఒక పాత తాటాకు చాప పడమర గోడకేసి పరిచి ఉంది. మనిషి లేడు, కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి వెళ్లినట్టున్నాడు. యాతి ఏమీ ఆలోచించలేదు. వంగి, చాప తిప్పి, బాణానికి సరిగ్గా పెట్టింది.

వెనక్కి చూస్తే గుమ్మంలో ఒక ముసలాయన. నల్లటి టోపీ, తడి చేతులు. వచ్చి, చాప చుట్టి, చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

గంట తిరక్కుండా యాతి బల్ల ముందు ఒక యువకుడు నిలబడ్డాడు.

"చాప తిప్పింది ఎవరు?"

"నేనే."

ఆ జవాబు అంత తొందరగా వస్తుందని అతను అనుకోలేదు. వెనకాల దాచుకున్న కోపమంతా ఎక్కడ పెట్టాలో తెలీక ఒక్క క్షణం తికమకపడ్డాడు.

"మా తాత ఇప్పుడు లిఫ్టు పక్కన, మెట్ల దగ్గర నమాజు చేస్తున్నాడు తెలుసా? ఎనభై రెండేళ్లు! సిమెంటు నేల! మోకాళ్లు ఉన్నాయా పోయాయా?"

"నేను వెళ్లి క్షమాపణ అడుగుతాను."

"అడగండి. మీ పేరు?"

"సూర్యాతి కసన్‌రెజో."

"ఓహో, తూర్పోళ్లు. పేరులోనే సూర్యుణ్ణి పెట్టుకున్నారు."

"మీ పేరేమిటో?"

"గినో."

"ఇటలీనా?"

"వాగినో. ముందు సగం డచ్చోళ్లు మింగేశారు." నవ్వు రాబోయింది. కోపంగా ఉన్నానని గుర్తొచ్చి దాన్ని ఆపుకుని, గిర్రున తిరిగి వెళ్లిపోయాడు.

మంగళవారం సాయంత్రం చెప్పుల అర చేయడానికి వడ్రంగి వచ్చాడు. భుజాన డ్రిల్లు సంచి, చెవి వెనక పెన్సిలు. గినో.

"మీరా!" అన్నారిద్దరూ ఒకేసారి.

"నిశ్శబ్దం!" అంది మూలనుంచి ఇల్డా, జపమాల ఆపకుండానే.

గినో టేపు చాచి గోడ కొలుస్తూ గొంతు తగ్గించాడు. "వెళ్లారా తాత దగ్గరకి?"

"వెళ్లాను."

"ఏమన్నాడు?"

జరిగింది జరిగినట్టు చెప్పింది యాతి. మెట్ల దగ్గర ఆయన పక్కనే మెట్టు మీద కూర్చుంది. తాతగారూ, తప్పు చేశాను, అంది. ఆయన "పడమర తిరగడం తప్పని నీకనిపించదా?" అని అడిగాడు.

"మీరేమన్నారు?" గినో టేపు వదిలేశాడు. అది సర్రుమని వెనక్కి పోయింది.

"అబద్ధం చెప్పలేను కదా. తిరగాల్సింది బాణం వైపే అని ఇప్పటికీ అనుకుంటున్నాను తాతగారూ, కానీ మీ చాప మీద చెయ్యి వేసే హక్కు నాకు లేదు, అన్నాను."

గినో ఆమె ముఖంలోకి చూశాడు. నిన్నటినుంచీ తను తిట్టుకున్న అమ్మాయి ఈమేనా అన్నట్టు. "మరి?"

"'నిజం చెప్పావు, అందుకు సంతోషం. అయినా ఆ గదిలోకి రాను' అన్నారు."

"ఆయన రాడు. మా తాత ఒకసారి రానన్నాడంటే రైలు పెట్టి లాగినా రాడు."

"రప్పిస్తాను."

"ఎట్లా?"

"తెలీదు. గురువారం లోపల రప్పిస్తాను."

గురువారం అని ఎందుకందో గినోకు తెలుసు. ఆ రోజు పొద్దున వాళ్ల నానమ్మకు గుండె ఆపరేషన్. పేపర్లన్నీ సిద్ధం, డాక్టర్లు సిద్ధం. ఒక్క సంతకం లేదు. నానమ్మ పెట్టడం లేదు. "ఆ మనిషి లిఫ్టు పక్కన మోకాళ్లు విరగ్గొట్టుకుంటుంటే నేను హాయిగా మత్తులో పడుకోవాలా? ఆయన సరైన చోట కూర్చుని నాకోసం దువా చేస్తున్నాడని తెలిస్తేనే సంతకం. అప్పటిదాకా ఆ కాగితం నా కళ్ల ముందుకి తేవద్దు." డాక్టరు చెప్పాడు, నర్సు చెప్పింది, గినో కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. ఉహూఁ.

"ఇంకా ఆలస్యమైతే కష్టమన్నారు డాక్టరు," అన్నాడు గినో. ఇప్పుడు అతని గొంతులో కోపం లేదు, భయముంది. కాసేపాగి, "ఆ బాణం పీకేస్తే? రెండు మేకులు, నిమిషం పని" అన్నాడు.

"పీకితే రేపు ఆ తుర్కీ నాన్న ఎటు తిరగాలి? అతని కొడుకు కూడా ఇక్కడే ఉన్నాడు."

"మీకు నామీద కోపమా, పడమర మీద కోపమా?"

"రెంటి మీదా లేదు. బాణం మాత్రం పీకనివ్వను."

"మొండి."

"మీ నానమ్మ కంటేనా?"

గినో నవ్వాడు. ఈసారి ఆపుకోలేదు. ఇల్డా జపమాల పక్కన పెట్టి, ఇద్దర్నీ చెరో భుజం పట్టుకుని వరండాలోకి గెంటి తలుపు వేసింది.

బుధవారం పొద్దున వాన. యాతి విభాగం పెద్ద మరైకె పిలిచి, "ఒక క్షమాపణ ఉత్తరం రాసిచ్చెయ్, సంతకం నేను పెడతాను, అయిపోతుంది" అంది. మంచి మనిషే. కానీ ఉత్తరంతో అయిపోయేది కాదిది. "ఇవ్వాళ సాయంత్రం దాకా టైమివ్వండి" అంది యాతి. ఇంట్లో అమ్మకు చెప్పలేదు. చెబితే ఏమంటుందో తెలుసు. పడమటోళ్ల కోసం నువ్వెందుకే అంత ప్రాణం పెట్టడం, అంటుంది.

భోజనాల వేళకు ముందు టిఫిను గిన్నెలో వేడివేడి సాఓతో సూపు పట్టుకుని గుండె వార్డుకు వెళ్లింది. కోడి సూపు మీద మొలకలు, ఉడికించిన గుడ్డు, వేయించిన దుంపముక్కలు. సాతినెమ్ నానమ్మ కిటికీ పక్క మంచం మీద కూర్చుని ఉంది. పిట్టంత మనిషి, జుట్టు ముడిలో ఒక్క నల్ల వెంట్రుకైనా లేదు. పక్క మంచం బల్ల మీదనుంచి వినాయకుడు చూస్తున్నాడు.

"చాప పిల్లవా నువ్వు?" అంది నానమ్మ.

"అవును నానమ్మా."

"రా, కూర్చో. మిరపకాయ వేశావా ఇందులో?"

"డాక్టరు వద్దన్నారు."

"డాక్టరు జావా వాడా? సరే, ఇటివ్వు." రెండు చెంచాలు తాగి కళ్లు మూసుకుంది. "బాగుంది. మీ అమ్మ చేతి వంటేనా?"

"నాదే."

"మరి పెళ్లెందుకు కాలేదు?"

యాతి ముఖం ఎర్రబడింది. నానమ్మ పళ్లు లేని నోటితో కిసకిసా నవ్వింది. తర్వాత గిన్నె పక్కన పెట్టి అంది: "నీకొక సంగతి చెప్పనా? నేను తూర్పుదాన్నే."

"ఏమిటీ?"

"మా నాన్న మసీదు పెద్ద. ఈ పడమటి మనిషిని చేసుకుంటానంటే మూడేళ్లు మాట్లాడలేదు. పెళ్లయ్యాక మొదటి నమాజు రోజు ఇంట్లో యుద్ధం. ఉన్నది ఒకటే గది. ఆయన పడమరంటాడు, నేను తూర్పంటాను. ఇద్దరం ఏడ్చుకుని, చివరికి ఆయన చాప ఆయన వేసుకున్నాడు, నాది నేను వేసుకున్నాను. వీపూ వీపూ ఎదురు. కూర్చున్నప్పుడు నా మడమలు ఆయన మడమలకు తగిలేవి. అట్లా యాభై రెండేళ్లు." ఆమె కిటికీలోంచి వాన చూసింది. "ఆయనకు నీ మీద కోపం లేదమ్మాయ్. ఆ గదిలోకి వెళ్లినప్పుడు వెనకాల ఖాళీగా ఉంది. అది ఓర్చుకోలేకపోతున్నాడు. నువ్వు చాప తిప్పడం ఆయనకొక సాకు దొరికినట్టయింది."

యాతి లేచి నిలబడింది. ఏం చేయాలో ఇప్పుడు తెలిసింది.

మెట్ల దగ్గర గినో ఉన్నాడు, తాత కోసం కొన్న వేడి టీ చేతిలో పట్టుకుని. యాతి గబగబా చెప్పింది. అతను వింటూ వింటూ గోడకు ఆనుకుపోయాడు.

"నానమ్మ తూర్పుదా? ఇన్నేళ్లూ మాకు చెప్పలేదు!"

"మీరెప్పుడైనా వాళ్లతో కలిసి నమాజు చేస్తే తెలిసేది."

"శుక్రవారం కూడా గుర్తుండదు నాకు." తల గోక్కున్నాడు. "నేను వెనకాల కూర్చుంటే?"

"మీరు పడమటోళ్లు. ఆయన ముందూ పడమరే, వెనకా పడమరే అయితే లాభమేముంది? అటు తిరిగే మనిషి ఒకరు ఉండాలి."

సాయంత్రం నమాజు వేళకు యాతి మెట్ల దగ్గరకు వెళ్లింది. సాకిమన్ తాత మెట్టు మీద కూర్చుని చాప విప్పుతున్నాడు.

"తాతగారూ, ఒక్క మాట. నేనూ నమాజు చేసుకోవాలి. గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. మీరు పడమరకు వేసుకోండి, నేను చాప ముట్టను. నాది నా వైపు, మీ వెనకాల కొంచెం దూరంగా వేసుకుంటాను. అంతే."

తాత చేతులు ఆగిపోయాయి. "ఎవరు చెప్పారు నీకు?"

"నానమ్మ."

లిఫ్టు వచ్చింది, వెళ్లింది, మళ్లీ వచ్చింది. "దానికి నోట్లో మాట ఆగదు ఏ రోజూ," అన్నాడు. అని, చాప చుట్టి, చేయి చాచాడు. "లేపు."

గదిలో తాటాకు చాప పడమరకు పరిచారు. మూరెడు ఎడంగా యాతి తన ఆకుపచ్చ చాప బాణం వైపు పరుచుకుంది. ఇల్డా ఎప్పుడొచ్చిందో, తన మూలలో కట్టె పట్టుకుని నిలబడింది. గినో గుమ్మం బయట చెప్పులు విప్పి ఆగిపోయాడు.

తాత వంగి, మోకరించి, నుదురు నేలకు ఆనించాడు. లేచి కూర్చున్నప్పుడు ఒక్క క్షణం మెడ కొంచెం వెనక్కి తిరిగినట్టు, చెవి దేనికోసమో వింటున్నట్టు కనిపించింది. వెనకాల అమ్మాయి శ్వాస వినిపించింది కాబోలు. మెడ మళ్లీ ముందుకు తిరిగింది. ఈసారి దువా కోసం చేతులెత్తి చాలాసేపు కూర్చున్నాడు. గోడకు ఆనుకున్న గినో కళ్లు తుడుచుకుని, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాడు. ఇల్డా చూసింది. తన రుమాలు ఇచ్చింది.

నమాజయ్యాక తాత నేరుగా గుండె వార్డుకు వెళ్లాడు. పావుగంటకు నర్సు పరుగున వచ్చి మరైకెతో, "పెట్టింది! సంతకం పెట్టింది! పెన్ను రాయడం లేదని నన్ను తిట్టి మరీ పెట్టింది!" అంది.

గురువారం ఆపరేషన్ నాలుగు గంటలు పట్టింది. ఆ నాలుగు గంటలూ తాత నిశ్శబ్ద గదిలోనే ఉన్నాడు. మధ్యాహ్నం తుర్కీ తండ్రి వచ్చి, బాణానికి ఎదురువైపు తిరిగి ఉన్న ముసలాయన్ని చూసి ఒక్క క్షణం ఆగాడు. తన చాప పక్కనే వేసుకున్నాడు. తర్వాత సర్జను బయటికొచ్చి బొటనవేలు పైకెత్తితే, అందరికంటే ముందు ఏడ్చింది ఇల్డా.

చెప్పుల అర శుక్రవారానికి పూర్తయింది. గినో దాన్ని మూడుసార్లు గుడ్డతో తుడిచాడు. తుడవడానికి ఇంకేమీ మిగల్లేదు.

"ఇక రావాల్సిన పనిలేదు కదా మీకు," అంది యాతి.

"లేదు." గినో డ్రిల్లు సంచీలో పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు. "ఒక మాట చెప్పాలి. ఇక్కడ..."

"నిశ్శబ్దం!" అంది ఇల్డా.

ఇద్దరూ బయటికి నడిచారు. ట్రామ్ స్టాపులో వాన. గాజు గూటికింద నిలబడ్డా గాలికి జల్లు ముఖం మీద పడుతోంది. గినో పెన్సిలు చెవి వెనకనుంచి తీసి చేతిలో తిప్పాడు.

"సోమవారం నిన్ను తిట్టాలని వచ్చాను. 'నేనే' అన్నావు చూడు, అప్పుడే సగం పని అయిపోయింది. బాణం పీకనివ్వను అన్నావు, మిగతా సగం అయిపోయింది."

"నేను మొండిదాన్ని అన్నావుగా."

"మా ఇంట్లో ఒక మొండిమనిషి ఉంది. తను లేకపోతే ఇల్లు ఇల్లులా ఉండదు. అట్లాంటి మనిషి కావాలి నాకు. నువ్వు ఏ వైపు తిరిగినా సరే."

ట్రామ్ వచ్చి ఆగింది. యాతి ఎక్కకుండా నిలబడింది. ట్రామ్ వెళ్లిపోయింది.

"మా అమ్మతో నేను మాట్లాడతాను," అంది చివరికి. "నువ్వు రావద్దు. ముందు నేను."

"ఏమంటుంది?"

"అరుస్తుంది. నేను వినను."

యాతి అన్నమాట నిలబెట్టుకుంది. అమ్మ అరిచింది. "పడమటోడా! పాతికేళ్లు పెంచి, పట్టా తెప్పించి, పడమటోడి ఇంటికి పంపాలా?" యాతి ఏడవలేదు, తలుపులు బాదలేదు. రోజూ సాయంత్రం అదే మాట అదే గొంతుతో చెప్పింది: "అతన్నే చేసుకుంటానమ్మా. నువ్వొచ్చి ఒకసారి చూడు, తర్వాత తిట్టు." పదకొండో రోజు నాన్న ట్రామ్ డ్యూటీ దిగొచ్చి, "దీని మాట వినకపోతే నేను రోజూ ఇదే వినాలి. పద వెళ్దాం" అన్నాడు.

వెళ్లారు. సాతినెమ్ నానమ్మ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి వారమైంది. గులాబిరంగు కొబ్బరిపాల దావెట్ గ్లాసుల్లో పోసి ఇచ్చారు. యాతి అమ్మ గ్లాసు ముట్టలేదు. నిటారుగా కూర్చుని, ఇంట్లో చాపలు ఎటు పరిచారో వెతుకుతున్నట్టు చుట్టూ చూసింది. ఒకటి అటు, ఒకటి ఇటు పరిచి ఉన్నాయి. ఆమె కళ్లు అక్కడే ఆగిపోయాయి.

"తిప్పాలనుందా?" అంది నానమ్మ.

అమ్మ ఉలిక్కిపడింది. "అదేం లేదండీ..."

"మా అమ్మా అంతే. మా పెళ్లయ్యాక పదేళ్లపాటు వచ్చినప్పుడల్లా ఆయన చాప తిప్పేది. ఆయన మళ్లీ తిప్పుకునేవాడు. తర్వాత ఆమెకే విసుగొచ్చింది."

"నాకొక్కటే అనుమానం," అంది అమ్మ, ఇక దాచుకోలేక. "రేపు పిల్లలు పుడితే ఎటు తిరుగుతారు?"

"ముందు ముక్కు తుడుచుకోవడం నేర్చుకోనీ," అంది నానమ్మ. "తర్వాత వాళ్లనే అడుగుదాం."

నాన్న పకపకా నవ్వాడు. సాకిమన్ తాత లేచి వచ్చి యాతి తల మీద చెయ్యి పెట్టాడు. ఏదో జావా మాట అన్నాడు. దాని అర్థం గినోకు తెలీదు, యాతికీ తెలీదు. కానీ అమ్మకు తెలుసు. ఆమె గ్లాసు తీసుకుని దావెట్ తాగింది.

పెళ్లి వసంతంలో జరిగింది. ఇల్డా వచ్చింది, మరైకె వచ్చింది, గుండె వార్డులో పక్క మంచం ఆవిడా వచ్చింది. విందుకు ముందు దువా చదువుతుంటే ఎవరికి తోచిన వైపు వాళ్లు తిరిగారు. ఎవరూ ఎవరి చాపా తిప్పలేదు.

సాతినెమ్ నానమ్మ ఆ తర్వాత ఇంకో రెండేళ్లు ఉంది. మిరపకాయలు తింటూ, డాక్టర్లను తిడుతూ, మునిమనవడి ముక్కు తుడుస్తూ ఉంది. పోయిన శీతాకాలంలో నిద్రలోనే వెళ్లిపోయింది. ఎవరినీ తన వైపు తిప్పుకోకుండా, తను నమ్మిన వైపు తను తిరిగి యాభై ఏళ్లకు పైగా ఒక మనిషికి తోడుగా కూర్చున్న మనిషి ఆమె. మీరు ఏ దిక్కుకు మొక్కేవారైనా సరే, అసలు మొక్కనివారైనా సరే, ఒక్కసారి ఆమెను తలచుకోండి. పేరు సాతినెమ్.